పొగ కమ్మేలోపే సర్వర్ సిద్ధం చేయండి

గురుగ్రామ్ జిల్లా డిప్యూటీ కమిషనర్ గారికి,

మీ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఈ లేఖ హిందీ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. మా తెలుగు రాష్ట్రాల అధికారులూ చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

2024 నవంబరులో గాలి కాలుష్యం ముదిరి, దాని కట్టడికి ఉద్దేశించిన గ్రాప్ ప్రణాళిక నాలుగో దశ అమల్లోకి వచ్చినప్పుడు జిల్లాలో పన్నెండో తరగతి దాకా చదువులు ఆన్‌లైన్‌కు మారాయి. ఉద్యోగులతో ఇంటి నుంచే పని చేయించమని కంపెనీలకూ సూచన వెళ్లింది. ఆ గాలిలో పిల్లల్ని బయటికి పంపకపోవడమే సబబు. అయితే బడికి రావద్దన్న ఉత్తర్వు, పాఠం ఎక్కడ జరగాలో చెప్పలేదు. ఆ బరువు టీచర్ల మీద పడింది.

అలాంటి రోజున ఏం జరుగుతుందో చూడండి. వీడియో కాల్ యాప్‌లో ఉచిత ఖాతా కాబట్టి నలభై నిమిషాలకు మీటింగ్ తెగిపోతుంది. లెక్క సగంలో ఉండగా టీచరు వాట్సాప్ గ్రూపులో కొత్త లింకు పెడతారు. పిల్లలంతా మళ్లీ చేరేసరికి పీరియడ్ అయిపోవస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మతోపాటు పనికి వెళ్లిపోతే, ఆ పిల్ల లింకు చూసేది రాత్రికే. అప్పుడు నొక్కినా అక్కడ ఏమీ ఉండదు.

ఈ చిక్కుకు ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌లో, విరుగుడు ఎప్పుడో వచ్చింది. మూడిల్‌ను రూపొందించిన మార్టిన్ డూగియామస్ చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో రేడియో పాఠాలతో చదువుకున్నవాడు. 2002లో విడుదలైన ఆ సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు, అభ్యాసాలు, మార్కులు ఒకేచోట ఉంటాయి. నెట్ ఉన్నప్పుడు ఫోనులోకి దించుకుని, లేనప్పుడు చదువుకోవచ్చు. ప్రత్యక్ష తరగతికి బిగ్‌బ్లూబటన్ ఉంది. 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఇది మూడిల్‌లో ఇమిడిపోతుంది, తరగతిని రికార్డు చేసి పెడుతుంది. సొంత సర్వర్‌లో నడిపితే నలభై నిమిషాల గడువు ఉండదు.

బడి పాఠాలకు ప్రభుత్వ వేదిక దీక్ష ఉంది కదా అనవచ్చు. అది కూడా సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ పునాది మీద కట్టిందే. కాని అందులో దొరికేది ముందే తయారైన పాఠం. తన టీచరు తన పేరు పిలిచి ప్రశ్న అడిగే తరగతి పిల్లకు కావాలి. పరికరాల విషయానికొస్తే, ప్రభుత్వ బడుల్లో పది నుంచి పన్నెండు తరగతుల వాళ్లకు ఐదు లక్షల ట్యాబ్‌లు పంచే ఇ-అధిగమ్ పథకాన్ని హర్యానా 2022 మేలోనే మొదలుపెట్టింది.

ఇది పైసా ఖర్చులేని పని అని చెప్పను. లైసెన్సు రుసుము ఉండదు గాని సర్వర్లకు, బ్యాండ్‌విడ్త్‌కు డబ్బు కావాలి. జిల్లా మొత్తం ఉదయం ఎనిమిదింటికి ఒక్కసారిగా లాగిన్ అయితే చిన్న సర్వర్ చతికిలపడుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇంజినీర్లకు జీతాలివ్వాలి. ఆ ఖర్చు మాత్రం ఇక్కడి మనుషుల నైపుణ్యంగా మిగులుతుంది. కేరళ తన బడుల కంప్యూటర్లను ప్రభుత్వ సంస్థ కైట్ ద్వారా ఏళ్లుగా ఇలాగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడుపుతోంది.

డబ్బు కట్టి కొనుక్కుంటే నిశ్చింత అనుకునే ఆఫీసులకూ ఒక మాట. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల తర్వాత నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. గుజరాత్‌లో అంత పెద్ద రిఫైనరీ నడిపే సంస్థ సొంత ఈమెయిల్ కోసం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అద్దె కట్టినా తాళంచెవి ఇంటాయన దగ్గరే ఉంది. ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, సందేశాలకు మ్యాటర్‌మోస్ట్, వీడియో కాల్స్‌కు జిట్సీ లాంటివి సొంత సర్వర్‌లో పెట్టుకునే వీలు ఇక్కడి ఉద్యోగ్ విహార్‌లోని చిన్న కంపెనీకి కూడా ఉంది.

ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కాబట్టి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఈ ఏడు దీపావళి లోపు కొన్ని ప్రభుత్వ బడుల్లో మూడిల్, బిగ్‌బ్లూబటన్ పెట్టి చూడండి. టీచర్లకు ఎండాకాలం సెలవుల్లో కాకుండా పనిదినాల్లోనే శిక్షణ ఇప్పించండి. ఎక్కడ ఆగిందో, ఎంత ఖర్చయిందో అందరికీ తెలిసేలా ప్రకటించండి. పనికొస్తే వచ్చే చలికాలానికి జిల్లా అంతా విస్తరించండి. సెలవు ఉత్తర్వు మీద సంతకం చేసే రోజున, తరగతి నడిచే చిరునామా కూడా అదే కాగితం మీద ఉండేలా చూడండి.

ఇట్లు,
గురుగ్రామ్‌లోని ఒక తెలుగు ఉద్యోగి