మా లాలాగూడలో ఆదివారం వరుస

ఈ మధ్య ఒక సెమినార్‌లో సికింద్రాబాద్ రైల్వే బస్తీల గురించి ఒక పెద్దాయన మాట్లాడారు. అన్ని మతాలు, అన్ని భాషలు కలిసిమెలిసి బతికిన చోటు అన్నారు. తెర మీద ముందు చర్చి ఫొటో వచ్చింది, తర్వాత పీర్ల ఫొటో, ఆ తర్వాత నెత్తిన బోనాలతో ఆడవాళ్లు. హాల్లో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. నేను పుట్టి పెరిగిన వీధులవి. కానీ ఆయన తెర మీద ఒక్క ఫొటో లేదు. ఆదివారం పొద్దున పెద్దకూర దుకాణం ముందు వరుస ఫొటో.

మా లాలాగూడ రైలు కట్టిన ఊరు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి నిజాం రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. ఇంజిన్ నడపడానికి, గార్డు పనికి ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. మద్రాసు వైపు నుంచి తమిళులు, తర్వాత మలయాళీలు వచ్చారు. ఫిట్టర్లలో ముస్లింలు చాలామంది. మెదక్, నల్లగొండ పల్లెల నుంచి మాలలు, మాదిగలు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఊడ్చేవాళ్లుగా వచ్చారు. మా ముత్తాత అట్లా వచ్చినవాడే. ఊళ్లో దొర గడీకి వెట్టి చెయ్యలేక రాత్రికి రాత్రి వచ్చేశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నెలకోసారి చేతిలో పడే జీతం ఆయనకి ఎంత పెద్ద మాటో నాకు పీహెచ్‌డీలో చేరి వెట్టి గురించి చదివాకే తెలిసింది. కానీ ఆ వర్క్‌షాపులో కూడా ఎవరు ఏ పనిలో ఉన్నారో చూస్తే చాలు, కులం అడగక్కర్లేదు. కలిసిమెలిసి వచ్చాం నిజమే, ఎవరి మెట్టు మీద వాళ్లం వచ్చాం.

ఇక ఆ వరుస సంగతి. మా నాయినమ్మ ఆదివారం తెల్లారకముందే నన్ను లేపేది. ఆలస్యమైతే మంచి ముక్క దొరకదు. స్టీలు టిఫిన్ నా చేతికిచ్చేది. దుకాణం ముందు అప్పటికే పదిహేను మంది ఉండేవాళ్లు. ముందు తమిళ క్రైస్తవుల ఇంటి అవ్వ, ఆమె వెనక ఫిట్టర్ తాత, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మలయాళీ నర్సమ్మ, మా వాడ ఆడవాళ్లు, మాదిగ బస్తీ ఆడవాళ్లు. ఆ గంటలో నేను నాలుగు భాషలు విన్నాను. నా ఉర్దూ, నా తమిళం అక్కడివే. ఏ బడీ నేర్పలేదు. నర్సమ్మ కొబ్బరి ముక్కలేసి వేపుతానంటే మా నాయినమ్మ ముక్కు విరిచేది. "కూరల కొబ్బరేంది? గోంగూర వెయ్యి బిడ్డా, గప్పుడు సూడు" అనేది. ఫిట్టర్ తాత నిహారీకి బొక్కలు అడిగేవాడు. మిగిలిన కూరను మేం ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టేవాళ్లం. ఆ వట్టి తునకల వాసనకి పై వీధి వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. పండగలకి ఒకరి వీధిలోకి ఒకరు చూడటానికి వెళ్లేవాళ్లం, అంతే. ఆకలితో ఒకరి పక్కన ఒకరు నిలబడింది మాత్రం ఆ దుకాణం ముందే.

అట్లాగని ఆ వరుసను నెత్తికెత్తుకోను. ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఏనాడూ వరుసలో నిలబడలేదు. ఆమె ఇంట్లో ఆదివారం బాల్ కర్రీకి కూర తెచ్చిపెట్టేది మా నాయినమ్మే. ఆ ఇంట్లో ఊడ్చేదీ ఆమే. క్రిస్మస్‌కి ఆంటీ మాకు కేకు పంపేది, నా ఫీజు కూడా రెండుసార్లు కట్టింది. ఆ మేలు మరిచిపోలేను. నాయినమ్మకి టీ ఇచ్చే ఎనామిల్ కప్పు మాత్రం పెరట్లో నల్లా పక్కన బోర్లించి ఉండేది. నేను ఒకసారి లోపలికెళ్లి పింగాణీ కప్పు ముట్టుకుంటే నాయినమ్మే నా చెయ్యి మీద కొట్టింది. ఆంటీ ఏమీ అనలేదు. ఆమె అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇంకోటి రాయకుండా ముందుకు పోతే అబద్ధమే అవుతుంది. అదే నాయినమ్మ వరుసలో మాదిగ బస్తీ అక్కతో గంటసేపు నవ్వుతూ మాట్లాడేది, ఆమె ఇంట్లో మాత్రం నీళ్లు తాగేది కాదు. అడిగితే "దూప లేదు" అనేది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీలు చదువుతుంటే నాకు ఆ దూప గుర్తొచ్చింది. ఒకే దుకాణంలో ఒకే జంతువు మాంసం కొనుక్కున్నాం, ఒకే కుండ నీళ్లు తాగలేదు. మాల ఇంట్లో పుట్టిన నేను ఎదుటి వీధి కులతత్వం గురించి రాసే ముందు ఇది రాయాలి.

ఒకరి పక్కన ఒకరు ఉన్నంత మాత్రాన మనుషులు సమాజం కారని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. వైవిధ్యం గురించి మాట్లాడే మన సెమినార్లు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. ఎన్ని భాషలు ఉన్నాయో లెక్కపెడతాం. ఎవరి కప్పు ఎక్కడ బోర్లించి ఉందో లెక్కపెట్టం.

తర్వాత అన్నీ త్వరగా మారాయి. ఆంటీ పిల్లలు ఆస్ట్రేలియా వెళ్లారు. ఆమె పోయాక ఇల్లు అమ్మేశారు. చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు కూడా 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో ముగిసింది. మా వీధిలో దాని గురించి మాట్లాడుకోవడానికి అప్పటికి వాళ్లెవరూ మిగల్లేదు. 2017 నవంబర్‌లో మెట్టుగూడ మీదుగా మెట్రో వచ్చింది. స్టేషన్‌కి దగ్గర అనే మాటతో అద్దెలు పెరిగాయి. అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటితో పాటు కొత్త ప్రశ్నలూ.

ఆ ప్రశ్నలకి పునాది ముందే పడింది. 2012 ఏప్రిల్ 15న మా ఇంటికి కూతవేటు దూరంలో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేశారు. దాడి జరిగింది, టియర్ గ్యాస్ వదిలారు. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మేం ప్రతి ఆదివారం తినేదానికి అంత గొడవ ఎందుకో నాయినమ్మకి అర్థం కాలేదు. ఇక్కడి చట్టం 1977 నాటిది. అది ఆవు వధను నిషేధించింది. పనికిరాని ఎద్దును, బర్రెను సర్టిఫికెట్‌తో కోయవచ్చు. మా దుకాణంలో అమ్మేది బర్రె కూరే. అయినా ఆ ఏడాది తర్వాత దుకాణానికి ఆకుపచ్చ పరదా వచ్చింది. కొన్నేళ్లకి షట్టర్ సగం దించి అమ్మడం మొదలైంది. నల్ల కవర్ వచ్చింది. పరదా వెనక వరుస కుదరదు. ఒక్కొక్కరు వచ్చి, తీసుకుని, తల దించుకుని వెళ్లిపోతారు. నర్సమ్మ గోంగూర వేసి చూసిందో లేదో నాకు తెలియనే లేదు.

పోయిన నెల నేనూ నా స్నేహితురాలూ గది వెతుకుతున్నాం. థీసిస్ రాసుకోవడానికి యూనివర్సిటీ దగ్గర ఉండాలి. బ్రోకర్ తీసుకెళ్లిన అపార్ట్‌మెంట్ ఆంటీ ఇల్లున్న చోటే కట్టారు. పెరట్లో ఉన్న వేపచెట్టును బట్టి గుర్తుపట్టాను. ఓనరమ్మ మర్యాదగానే మాట్లాడింది. ఏం చదువుతున్నారమ్మా అంది. పీహెచ్‌డీ అంటే సంతోషించింది. ఇంటిపేరు అడిగింది, చెప్పాను. ఊరు అడిగింది, ఇదే అన్నాను. "ఇక్కడ ఏ వైపు?" అంది. చెప్పాను. కాసేపు ఊరుకుని, "మేము నాన్‌వెజ్ వాళ్లకి ఇవ్వమమ్మా" అంది. మెట్ల దగ్గర చికెన్ సెంటర్ కవర్ ఉంది. ఆ కవర్ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. "అంటే... అన్ని రకాలూ కాదు" అంది.

అడగకముందే నేనే చెప్పాను, పెద్దకూర తింటామని. కోపంతో కాదు. నాయినమ్మలాగా దూప లేదని అనబుద్ధి కాలేదు. బ్రోకర్ బండి దగ్గరికి వచ్చాక నన్ను తిట్టాడు. చెప్పకుంటే ఇచ్చేదేమో కదా మేడమ్ అన్నాడు. అతని కమీషన్ పోయింది పాపం, అతన్ని ఏమీ అనలేకపోయాను.

ఇప్పుడు అడ్డగుట్టలో ఉంటున్నాం. ఆదివారం పొద్దున టిఫిన్ పట్టుకుని పాత దుకాణానికే వెళ్తున్నాను. దుకాణం ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు సగం షట్టర్ కింద నుంచి వంగి చూసి, "నువ్వు సఫాయి అమ్మ మనవరాలివి కదా" అన్నాడు. అవునన్నాను. నల్ల కవర్ తీయబోయి, నా చేతిలో టిఫిన్ చూసి ఆగాడు.