ఒకే పానీపూరీ.. ఒక్కడికే టైఫాయిడ్ ఎందుకు?

ఇంజినీరింగ్‌లో మా గ్యాంగ్ ముగ్గురం. నాది జనగామ, ఒకడిది మానుకోట (అదే, మహబూబాబాద్), ఇంకొకడిది భూపాలపల్లి. ఇప్పుడు హైదరాబాద్‌లో ముగ్గురిదీ ఒకే రూమ్. ఎక్కడ తిన్నా కలిసే తింటాం. కానీ పోయిన వానాకాలం జ్వరం మాత్రం భూపాలపల్లోడికే వచ్చింది. మొదట సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, తర్వాత తగ్గనే తగ్గలేదు. ఆరో రోజుకి మంచం మీంచి లేవలేకపోయాడు. బ్లడ్ కల్చర్ చేయిస్తే టైఫాయిడ్ అని తేలింది. వాళ్ల నాన్న సింగరేణిలో డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చేశాడు.

సెలైన్ ఎక్కుతుంటే వాడు అడిగింది ఒక్కటే: "అరేయ్, ముగ్గురం గదే బండి మీద గదే పానీపూరి తిన్నం గదా. నాకొక్కడికే ఎట్లొచ్చిందిరా?"

అప్పుడు నవ్వేశాం. తర్వాత చదివితే అర్థమైంది, అది చాలా మంచి ప్రశ్న.

మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసిందే. కోడ్ ఒకటే, ఎన్విరాన్‌మెంట్ మారితే రిజల్ట్ మారుతుంది. బ్యాక్టీరియా కూడా అంతే. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి జీనోమ్ అంటే సుమారు 48 లక్షల అక్షరాల కోడ్. అందులోవన్నీ ఎప్పుడూ ఆన్‌లో ఉండవు. తానెక్కడుందో చూసుకుని ఆ క్రిమి స్విచ్‌లు వేసుకుంటుంది, తీసేసుకుంటుంది.

మొదటి గేటు మన కడుపులోని యాసిడ్. చాలా క్రిములు అక్కడే చచ్చిపోతాయి. అమెరికాలో వాలంటీర్లకు కలరా క్రిములు ఇచ్చి చూశారు. 10 కోట్ల క్రిములు మింగినా చాలామందికి ఏమీ కాలేదు. అదే తినే సోడాతో యాసిడ్ తగ్గించి ఇస్తే, 10 లక్షలకే జబ్బు పడ్డారు. టైఫాయిడ్ క్రిమికీ ఈ యాసిడే అడ్డు. మావాడేమో ఆరు నెలలుగా, డాక్టర్ రాయకుండానే, పొద్దున లేవగానే గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటున్నాడు. అంటే గేటు దగ్గర వాచ్‌మన్‌ని వాడే ఇంటికి పంపించేశాడన్నమాట!

గేటు దాటాక అసలు కథ. పేగుల్లో ఉప్పు గాఢత ఎక్కువ. అక్కడ టైఫాయిడ్ క్రిమి తన కోటు దాచిపెట్టుకుంటుంది. పేగు గోడ దాటి ఉప్పు తగ్గిన చోటికి రాగానే 'వీఐ' అనే చక్కెర కోటు తొడుక్కుంటుంది. దాంతో మన కాపలా కణాలకు అది సరిగ్గా కనిపించదు. ఒకవేళ ఓ కణం పట్టుకుని మింగేసినా పని అయిపోదు. కణం లోపల యాసిడ్ తగలగానే, అక్కడ బతకడానికి కావలసిన జీన్లను ఆన్ చేసుకుంటుంది. కడుపులో దాన్ని చంపే యాసిడే, ఇక్కడ దానికి 'చేరుకున్నాం' అనే సిగ్నల్ అయింది.

ఇందులో మన ఊరికీ ఓ వాటా ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ టీకా సరిగ్గా ఆ కోటునే గుర్తుపట్టడం మన ఒంటికి నేర్పుతుంది. 2017 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ప్రీక్వాలిఫికేషన్ ఇచ్చింది. ఈ రకం టైఫాయిడ్ టీకాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటిది ఇదే. ఆరు నెలల పసివాళ్లకూ ఒకే డోసుగా వేయొచ్చు.

ఇంతకీ మావాడి ప్రశ్నకు జవాబు? ఖచ్చితంగా చెప్పలేం. టైఫాయిడ్ బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఆ పానీపూరీయే కారణమో, ఇంకెక్కడో తాగిన నీళ్లో తెలీదు. గ్యాస్ టాబ్లెట్ వల్లే అని కూడా ఒక్కడి కేసు చూసి తేల్చలేం. కానీ కడుపులో యాసిడ్ తగ్గితే ఇలాంటి ఇన్ఫెక్షన్ల రిస్క్ పెరుగుతుందన్నది నిజం. డాక్టర్ రాసిన టాబ్లెట్ అయితే మానకండి. సొంతంగా నెలల తరబడి మింగుతుంటే మాత్రం ఒకసారి డాక్టర్‌ని అడగండి.

ఇంకో మాట. నాలుగో రోజు జ్వరం తగ్గగానే మావాడు మందులు ఆపేస్తానన్నాడు. వాళ్ల నాన్న ఒక్కటే అన్నాడు: "కోర్సు అయ్యేదాక గోలీలు బంద్ చేస్తే ఊరుకోను బిడ్డా." పూర్తిగా వాడాడు. కోలుకున్నాడు.

పోయిన నెల ముగ్గురం కలిసి వెళ్లి టీకా వేయించుకున్నాం. పానీపూరీ మానలేదు గానీ, బండి ఎంచుకునే ముందు నీళ్లెక్కడివని అడుగుతున్నాం.