తెర దించిన నిమిషంలో ఏం జరిగింది?

స్త్రీ పాత్ర లేకుండా నాటిక రాయడం మన దగ్గర ఒక నేర్పు కింద చెలామణీ అవుతోంది. "స్త్రీ పాత్ర లేని లోటే తెలియలేదు" అని న్యాయనిర్ణేత మైకులో మెచ్చుకుంటే రచయిత లేచి దణ్ణం పెడతాడు. ఒక కథల సంపుటిలో ఆడమనిషన్నదే లేకపోతే ఈపాటికి మనం ఎన్ని వ్యాసాలు రాసి ఉండేవాళ్లం! స్త్రీవాద విమర్శ కవిత్వాన్ని వదల్లేదు, కథనీ నవలనీ వదల్లేదు, సినిమాని, టీవీ సీరియల్‌ని కూడా ఉతికి ఆరేసింది. ముప్పావుగంట నాటిక దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పరిషత్తుల వాళ్ల గొడవ అని పక్కకి తప్పుకుంది. నా పేచీ నాటికలు రాసేవాళ్లతో ఎంత ఉందో, మనతోనూ అంత ఉంది.

కాగజ్‌నగర్‌లో చూసిన ఒక నాటిక గురించి చెప్తాను. నాటిక పేరూ, ఆడిన సమాజం పేరూ చెప్పను. ఈ జబ్బు వాళ్లొక్కరిది కాదు. కాగజ్ అంటే కాగితం. పేరులోనే మిల్లున్న ఊరు. నిజాం కాలంలో, 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో మూతపడింది. 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లాక గాని మళ్లీ కదల్లేదు. మధ్యలో దాదాపు నాలుగేళ్లు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు పక్కపక్కన బతికే ఆ ఊళ్లో అన్నాళ్లు పొయ్యిలు ఎలా వెలిగాయన్నది చిన్న ప్రశ్న కాదు. నాటిక మూతపడ్డ మిల్లు గురించే. ఆశగా వెళ్లి కూర్చున్నాను.

ఏడు పాత్రలు, అందులో ఒక్క స్త్రీ. కార్మికుడి భార్య. ఆమె నాలుగుసార్లు వేదిక మీదికొచ్చింది. మొదటిసారి టీ గ్లాసులతో. రెండోసారి పిల్లవాడి ఫీజు సంగతి గుర్తు చేయడానికి. మూడోసారి ఏడవడానికి. నాలుగోసారి భర్త చేతిలోంచి తాడు లాక్కోవడానికి. మిగతా సమయమంతా మగవాళ్లది. యూనియన్ నాయకుడు, దళారి, ముసలి తండ్రి, స్నేహితులు. వాదించుకున్నారు, కొట్టుకున్నారు, కౌగిలించుకున్నారు. చివర్లో కథానాయకుడు పెట్టుబడి మీద సుదీర్ఘంగా మాట్లాడాడు. నిజాయితీగా చెప్పాలంటే బాగానే మాట్లాడాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

నా పక్క కుర్చీలో ఉన్నావిడ చప్పట్లు కొట్టలేదు. "గా ఫీజు ఎవలు గట్టిండ్రు? ఆమె పుస్తెలు ఎప్పుడు కుదువవెట్టిందో చెప్పకనే పాయె" అంది, నాతో కాదు, తనతో వచ్చిన చెల్లెలితో.

అవును, ఎవరు కట్టారు? మొదటి రంగంలో ఇంట్లో పైసా లేదు. రెండో రంగం తెర లేచేసరికి పిల్లవాడు యూనిఫాం వేసుకుని బడికి బయల్దేరుతున్నాడు. ఈ రెంటి మధ్యా నిమిషం పాటు దీపాలార్పి కుర్చీలు సర్దారు. నాటికలో జరగాల్సిన అసలు సంఘటన ఆ చీకట్లో జరిగిపోయింది. ఆ భార్య ఎవరి గుమ్మం ముందు నిలబడింది? ఎంతసేపు నిలబెట్టారు? మెడలో పుస్తెల బదులు పసుపు కొమ్ము కట్టుకుని ఇంటికొచ్చి భర్తతో ఏమంది? అతను చూశాడా, చూసీ చూడనట్టున్నాడా? సంఘర్షణ, సంఘర్షణ అని నాటక లక్షణాలు వల్లెవేసేవాళ్లకి ఇంతకంటే పదునైన సంఘర్షణ ఎక్కడ దొరుకుతుంది? రచయితకి ఆ రంగం తట్టలేదు. న్యాయనిర్ణేతలకీ తట్టలేదు. ఒక్క స్త్రీ పాత్రతోనే ఇంటి విషాదాన్నంతా పండించారని పొగిడారు. ఆంగికం, వాచికం, ఆహార్యం అన్నిటికీ మాట దొరికింది. రెండో రంగంలో లైటు ఆలస్యంగా పడిందన్నది వాళ్లు చూపిన పెద్ద లోపం.

ఇలా ఎందుకు జరుగుతుందంటే పితృస్వామ్యం అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కాని అది నాటికలో ఏ దారిన దూరుతుందో చూడకపోతే మన విమర్శ నినాదంగానే మిగిలిపోతుంది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు కాలం నుంచి మనకి పోటీ నాటకం ఒక సంప్రదాయం. సమాజాల్లో మగవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకునేవాళ్లు. నటి తరచు బయటి ఊరి నుంచి పారితోషికం మీద వస్తుంది. ఒకే పోటీలో రెండు మూడు సమాజాలకి వేసే నటీమణులూ ఉన్నారు. ఆమెకి దొరికేది ఒకటో రెండో రిహార్సల్స్. కాబట్టి చివర్లో వచ్చి ఇమిడిపోగల పాత్రే రాయాలి. ఎక్కువ కదలికలుండకూడదు, మిగతా పాత్రలతో చిక్కుముడులుండకూడదు. టీ గ్లాసులు, ఏడుపు, ఒక పెద్ద సంభాషణ. ఖర్చు లెక్క ఈ విధంగా పాత్ర స్వభావం అయిపోతుంది. దాన్నే మనం రచయిత దృక్పథం అని చర్చిస్తాం! ఇంకో చిత్రం: సెట్టు మోసుకొచ్చే లారీ కిరాయి ఎవరికీ బరువనిపించదు. నటి రైలు ఛార్జీ దగ్గరే సమాజానికి నడుం విరుగుతుంది.

"మా వైపు ఆడవాళ్లు స్టేజీ ఎక్కరండీ" అనే సమాధానం నేను చాలాసార్లు విన్నాను. ఏ వైపు? 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన కుటుంబ నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. స్థానం నరసింహారావు గారు ఆడవేషంలో తెలుగు దేశాన్ని ఊపేసిన కాలంలో కూడా సురభి ఆడవాళ్లు వేదిక మీదే ఉన్నారు. అంత దూరం ఎందుకు, ఈ ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్ జిల్లాలో, 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టింది. వేదిక ఎక్కిన ఆడవాళ్లు ఏ కులాల వాళ్లో, వాళ్లని ఏమని పిలిచారో మనకి తెలుసు. "ఎక్కరు" అన్న మాటకి అసలు అర్థం "మా ఇళ్లలోంచి పంపం" అని.

నేను తలలు లెక్కపెట్టమనడం లేదు. అమెరికా రచయిత్రి సుసాన్ గ్లాస్పెల్ 1916లో రాసిన 'ట్రైఫిల్స్' అనే ఏకాంకికలో కథంతా ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ స్త్రీ ఒక్కసారి కూడా వేదిక మీదికి రాదు. భర్తని చంపిందన్న అనుమానంతో జైల్లో ఉంటుంది. వేదిక మీద ఉన్నది ఆమె వంటిల్లు. మగ అధికారులు ఇంట్లో మిగతా చోట్లా, కొట్టంలోనూ సాక్ష్యం వెతుకుతుంటారు. వంటింట్లో ఏముంటుందని నవ్వుతారు. వాళ్ల వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సగం తుడిచిన బల్లని, అడ్డదిడ్డంగా పడ్డ బొంత కుట్లని, మెడ విరిచిన పిట్టని చూసి మొత్తం గ్రహిస్తారు, దాచేస్తారు. ఒకే అంకం, ఒకే గది, అయిదుగురు మనుషులు. మన సమాజాలకి ఖర్చు కూడా తక్కువే. అక్కడ లేని స్త్రీ వేదికంతా నిండి ఉంటుంది. మనవాళ్ల నాటికలో నాలుగుసార్లొచ్చిన స్త్రీ ఒక్కసారీ కనిపించదు.

చిన్న నాటికకి వ్యవధి లేదు. నవలలాగా మూడో అధ్యాయంలో సర్దుకుంటానంటే కుదరదు. అందుకే ఎవరి పనికి నిమిషాలు కేటాయించారు, ఎవరి పనిని చీకట్లో కానిచ్చారు అన్నదే దాని రాజకీయం. ఇది ప్రతి చదివితే తెలియదు. ప్రతిలో "కొంతసేపటి తర్వాత" అని రెండు మాటలుంటాయి, అంతే. హాల్లో కూర్చుంటేనే ఆ చీకటి ఎంతసేపుందో ఒంటికి తెలుస్తుంది. కాని నాటిక చూడటానికి వెళ్లే సాహిత్య పరిశోధకులు ఎంతమంది? తెలుగు శాఖల్లో నాటకమంటే 'కన్యాశుల్కం'. అది దాటితే పేర్ల జాబితా. వోల్గా 'వాళ్ళు ఆరుగురు'లో గురజాడ, చలం సృష్టించిన స్త్రీలని ఒకే వేదిక మీద కలిపి మాట్లాడించారు. ఆవిడ కథల మీద వచ్చిన విమర్శతో పోలిస్తే ఆ నాటకం మీద మనం రాసిందెంత?

కాబట్టి పరిషత్తుల వాళ్లని ఒకటి అడుగుదాం: ఉత్తమ నటి బహుమతి ఇచ్చేముందు ఆ పాత్రకి నాటికలో ఎన్ని నిమిషాలున్నాయో, నటికి ఎన్ని రిహార్సల్సు ఇచ్చారో వేదిక మీదే ప్రకటించండి. ఇక మన పత్రికల్లో సంచికకి రెండు పేజీలు ప్రదర్శన సమీక్షకి కేటాయించాలి. అచ్చయిన ప్రతి చూసి కాదు, రాత్రి పదకొండు దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కనున్న ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో విని రాయాలి. వచ్చే పోటీల సీజనులో ఏ ఊరికి ఎవరు వెళ్తున్నారో ఇప్పుడే అనుకుందాం. కాగజ్‌నగర్‌కి నేను వెళ్తాను.