తేరు తిరగని వీధి

తమిళనాట కాథలిక్కుల ఊరి పండుగకు ఒక క్రమం ఉంది. పాలక పునీతుని పండుగకు తొమ్మిది రోజుల ముందు దేవాలయం ఎదుట జెండా ఎక్కుతుంది. తొమ్మిది సాయంకాలాలు నవదిన ప్రార్థనలు, ప్రసంగాలు సాగుతాయి. ఆఖరి రాత్రి దీపాలతో, పూలతో అలంకరించిన తేరు మీద పునీతుని స్వరూపాన్ని నిలిపి మేళతాళాలతో ఊరేగిస్తారు. మరునాటి దివ్యబలిపూజతో పండుగ ముగుస్తుంది. చెన్నైకి, బెంగళూరుకు, గల్ఫ్‌కు వలసపోయినవారు క్రిస్మస్‌కు రాలేకపోయినా ఈ పండుగకు రావాలని చూస్తారు. కాషాయ వస్త్రాలు, తలనీలాలు, కొబ్బరికాయలతో సాగే గుణదల మేరీమాత ఉత్సవాలను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ దృశ్యం కొత్తది కాదు. కాథలిక్ మతం ఈ నేలలో కలిసిపోయిందనడానికి ఊరి పండుగనే సాక్ష్యంగా చూపుతారు. అది నిజమే. అయితే నేలలో కలిసిన మతం ఆ నేల మీది గోడలను కూడా తనలో కలుపుకున్నది.

తిరుచిరాపల్లి జిల్లా కోట్టపాళయంలో మగ్దల మరియమ్మ దేవాలయం ఉంది. కుంభకోణం మేత్రాసనం కిందికి వచ్చే విచారణ అది. మగ్దల మరియమ్మ పండుగ జూలై 22న. అక్కడి దళిత కాథలిక్కులు పండుగ నిర్వహణలో తమకు చోటు లేదని, విచారణ పాలనలో భాగం లేదని, తేరు తమ వీధులకు రాదని, తమ నుండి పండుగ వరి వసూలు చేయరని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. మద్రాసు హైకోర్టులో ఊరట లభించలేదు. 2025లో సుప్రీంకోర్టు వారి పిటిషన్‌పై నోటీసులు జారీ చేసింది.

ఈ ఆరోపణలలో బయటివారికి చిత్రంగా తోచేది చివరిది. చందా అడగకపోవడం కూడా ఒక ఫిర్యాదా? పండుగ చందాల బెడద నుండి తప్పించుకోవడానికి తలుపులు మూసుకునే నగరవాసికి ఇది అర్థం కావడం కష్టం. కాని తమిళ గ్రామంలో వరి అంటే చందా కాదు, సభ్యత్వం. ఎవరి నుండి వరి తీసుకుంటారో వారికే ఊరు అనే పదం వర్తిస్తుంది. వరి ఇచ్చిన ఇంటికి లెక్క అడిగే హక్కు ఉంటుంది, తేరు మోకు పట్టే హక్కు ఉంటుంది, తేరు తన గడప ముందు ఆగాలని కోరే హక్కు ఉంటుంది. రశీదు పుస్తకంలో పేరు లేనివాడు పండుగకు ప్రేక్షకుడు మాత్రమే. పేదవారి మీద భారం మోపడం ఇష్టం లేక అడగలేదని సమర్థించుకోవచ్చు. వెలి అంత మర్యాదగా మాట్లాడగలదు. హిందూ దేవాలయాల ఉత్సవాలలో మొదటి మర్యాద ఎవరికి, ఉభయం ఎవరిది అన్న తగవులన్నీ ఇదే వ్యాకరణానికి చెందినవి. గోవాలోనూ కొన్ని ఊళ్లలో దేవాలయ పండుగ జరిపే హక్కు గాంవ్‌కార్ కుటుంబాలకే పరిమితమై, తరతరాల వివాదాలకు కారణమయింది. జ్ఞానస్నానం పేరును మార్చింది గాని వరుసను మార్చలేదు.

ఈ కథకు చరిత్ర చిన్నది కాదు. తిరునల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన దేవాలయానికి రెండు బాహువులు ఉండేవి, బలిపీఠం ఒక్కటే. వెళ్ళాళ పిళ్ళైలు ఒకవైపు, నాడార్లు మరొకవైపు కూర్చుంటే మధ్యలో గురువు ఇద్దరికీ పూజ చేసేవాడు. ఆ అడ్డుగోడను 1910లో జెసూట్ గురువులు కూల్చివేశారు. పిళ్ళైలు కోర్టుకెక్కారు. విడిగా కూర్చోవడం తమ హక్కు అని వారి వాదన. కులాన్ని బట్టి దేవాలయంలో ప్రత్యేక స్థానం కోరే హక్కును గుర్తించలేమని మద్రాసు హైకోర్టు కొద్ది సంవత్సరాలకే తేల్చింది. వందేళ్ల క్రితమే గోడ పడిపోయిందంటే సమస్య తీరిపోయి ఉండాలి. కాని గోడను ఒకసారి కూల్చితే చాలు. తేరు దారిని మాత్రం ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు. అదే దారిని మళ్లీ ఖాయం చేయడానికి ఎవరూ నోరు విప్పనక్కరలేదు. మార్చాలంటే మాత్రం ఒకరు లేచి నిలబడాలి.

అలా లేచి నిలబడినప్పుడు ఏమవుతుందో ఎరైయూర్ చూపింది. జపమాల మాత దేవాలయం ఉన్న ఆ ఊరిలో (నాడు విళుప్పురం, నేడు కళ్ళకురిచ్చి జిల్లా) వన్నియ కాథలిక్కుల ఆధిపత్యంతో విసిగిన దళితులు తమకు వేరు విచారణ కావాలని కోరారు. 2008 మార్చి 9న ఘర్షణలు చెలరేగి, పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. కొట్టినవారు, కొట్టించుకున్నవారు, చనిపోయినవారు అందరూ ఒకే జపమాల చెప్పేవారే. వేరు విచారణ ఇస్తే క్రీస్తు శరీరాన్ని కులం పేర చీల్చినట్టవుతుందన్న అభ్యంతరం ఇలాంటి చోట్ల వినిపిస్తుంది. వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. ఆ శరీరం అప్పటికే ఏ వీధి దగ్గర చీలి ఉన్నదో తేరు లాగేవారికి తెలుసు.

ఇక ఢిల్లీ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉండిపోయారు. చర్మకార వృత్తిలో ఉన్న మద్రాసు దళిత క్రైస్తవుడు సూసై వేసిన కేసులో, మతం మారిన తరువాత కూడా కులం వల్ల కలిగే అణచివేత కొత్త మతంలో అంతే తీవ్రతతో కొనసాగుతున్నదని ఆధారాలు చూపాలని 1985లో సుప్రీంకోర్టు అన్నది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం అందుకు విరుద్ధంగా, క్రైస్తవ, ఇస్లామిక సమాజాలలో అటువంటి అణచివేత లేదన్న వాదనతో అఫిడవిట్ వేసింది. అదే ఏడాది అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను రెండేళ్ల గడువుతో నియమించి, ఆ పైన గడువు పొడిగించింది. ప్రశ్న అడిగి నలభై ఏళ్లయింది. ఆధారం ఏటా జెండా ఎక్కించి మరీ వీధులలో ఊరేగుతున్నది.

ఇక్కడ కాథలిక్ పీఠం ఇరుకున పడుతుంది. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, కుల వివక్షను పాపంగా గుర్తించింది. ఢిల్లీలో దళిత క్రైస్తవుల హోదా కోసం ధర్నాలకు బిషప్పులు వస్తారు. సంఘంలో కులం ఉన్నదని అక్కడ చెప్పాలి, చెబుతారు. ఊరి తగవు కోర్టుకు చేరినప్పుడు మాత్రం అది ఆచారమని, స్థానిక వ్యవహారమని గొంతు తగ్గుతుంది. ఇంటి గుట్టు బయటపెడితే మతమార్పిడి నిరోధక చట్టాల వారికి, హిందుత్వ ప్రచారకులకు ఆయుధం దొరుకుతుందన్న భయం ఉంది. చర్చిలపై దాడులు జరుగుతున్న కాలంలో ఆ భయాన్ని తేలికగా కొట్టివేయలేము. కాని లెక్క వేసి చూస్తే గుట్టు దాచడం వల్ల లాభపడుతున్నది కేంద్రం అఫిడవిట్టే. క్రైస్తవంలో కులం లేదన్న వాక్యాన్ని ప్రభుత్వమూ, ఊరి పెత్తందారూ కూడా ఒకే సంతోషంతో పలుకుతున్నారు. నష్టం భరించేది మాత్రం దళితుడే: ఊరి దృష్టిలో క్రైస్తవుడు కాక, రాజ్యం దృష్టిలో దళితుడు కాక.

తెలుగు నాటకూ దీనితో పని ఉంది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని 2025లో ఆ రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. ఆ పదవికి చేరిన తొలి దళితుడు ఆయన. రోము నగరంలో ఎరుపు టోపీ దక్కిన కులానికి కావేరి గడ్డ మీద తేరు మోకు దక్కకపోవడాన్ని వైచిత్రి అని సరిపెట్టుకోవచ్చు. కాని పైన చేసిన మార్పు కింది వీధికి దానంతట అది దిగిరాదనడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

రాష్ట్రపతి ఉత్తర్వు మారాలంటే పార్లమెంటు కావాలి. కమిషన్ నివేదిక రావాలంటే కేంద్రానికి మనసు రావాలి. తేరు దారి మారడానికి ఇవేవీ అవసరం లేదు. దళిత వీధిలో వరి వసూలు చేసి రశీదు ఇవ్వని విచారణలో జెండా ఎక్కదని మేత్రాణులు ఒక లేఖ రాసి, దానిని జెండా ఎక్కే ముందటి ఆదివారం గుడిలో చదివించవచ్చు. ఊరు అలగవచ్చు, ఒక ఏడాది పండుగ ఆగిపోవచ్చు. తేరును షెడ్డులోనే ఉంచడం బిషప్పు అధికారంలో ఉన్న విషయం.