పిరమిడ్‌కి ఏడు దశాంశాలు

దుబాయ్‌లో గానీ, షార్జాలో గానీ పదిమంది తెలుగువాళ్ళు బిర్యానీ చుట్టూ చేరితే, అందులో ఒకరైనా కైరో వెళ్ళొచ్చినవారై ఉంటారు. ఇక్కణ్ణుంచి నాలుగు గంటల ప్రయాణమే కదా! ఫోటోలు చూపించడం అయ్యాక రహస్యం విప్పుతారు. గీజా మహా పిరమిడ్ అక్షాంశం 29.9792458 డిగ్రీలట. కాంతి వేగం సెకనుకు 299792458 మీటర్లట. "ఇది మనుషులు కట్టిందంటారా?" అని ముక్తాయింపు. వినేవాళ్ళలో సగంమంది ఇంజనీర్లే. ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నా పేచీ అక్కడే.

లెక్క చూడండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. ఏడో దశాంశ స్థానమంటే ఒక సెంటీమీటరు. పిరమిడ్ వెడల్పేమో 230 మీటర్లు! 29.9783 అని రాసినా, 29.9801 అని రాసినా ఆ గీత పిరమిడ్ మీదుగానే పోతుంది. చివరి అంకెలు పిరమిడ్ ఇచ్చినవి కావు, మనం అతికించినవి. పైగా మీటరు 1790లలో ఫ్రాన్సులో పుట్టింది. ఫారో గారికి దాని గొడవ తెలియదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1865లో స్కాట్లండ్ ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ స్మిత్ గీజా వెళ్ళి కొలిచి, ఏడాదికెన్ని రోజులో పిరమిడ్ భుజంలోనే దాచారన్నాడు. భుజం 9140 అంగుళాలుంటే తప్ప ఆ లెక్క కుదరదు. స్మిత్‌ని అభిమానించే తండ్రికి పుట్టిన ఫ్లిండర్స్ పెట్రీ, 1880-82లో థియోడలైటుతో ఓపిగ్గా కొలిస్తే సగటు 9068.8 వచ్చింది. దాదాపు ఆరడుగుల తరుగు! లోపలి గదిలో గ్రానైట్ బొడిపెని తన సిద్ధాంతానికి సరిపడేలా ఆకురాయితో అరగదీయబోయిన ఒక మహానుభావుణ్ణి గురించి కూడా పెట్రీ రాసిపెట్టాడు. ప్రాజెక్టుల్లో డేటాని ఇలా అరగదీసేవాళ్ళు నాకు బాగా పరిచయం.

సరే, నిక్కచ్చిగా కొలిచినవాళ్ళైనా ఒక్కమాట మీద ఉన్నారా? లేరు. ఉత్తర భుజం పెట్రీకి 230.36 మీటర్లు, 1925లో కోల్‌కి 230.25, 2015లో కొలిచిన గ్లెన్ డాష్‌కి 230.33. అన్నిటికన్నా పొడుగు భుజం ఏదంటే కోల్ దక్షిణం అంటాడు, డాష్ పడమర అంటాడు. చేతగాక కాదు. తొడుగు రాళ్ళు ఎప్పుడో ఊడ్చుకుపోయారు. 921 మీటర్ల చుట్టుకొలతలో అసలు అంచు మిగిలింది 54 మీటర్లే. మిగిలిన ఆనవాళ్ళని పట్టుకుని గీత గీసుకోవాల్సిందే. అందుకే డాష్ తన అంకెతోపాటు అది ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పాడు. ఆ 'అటూ ఇటూ' లేని అంకె నా దృష్టిలో కొలత కాదు, జోస్యం.

'పై' విలువ కథా ఇంతే. అది నిజమైతే వాలు 51 డిగ్రీల 51 నిమిషాల 14 సెకన్లుండాలి. మూరెడు ఎత్తుకి అయిదున్నర బెత్తెల వాలు అనే ఈజిప్టు మేస్త్రీ లెక్కలో 51 డిగ్రీల 50 నిమిషాల 34 సెకన్లు వస్తుంది. తేడా 40 సెకన్లు. పెట్రీ సగటు కోణానికే రెండు నిమిషాల అటూ ఇటూ ఉంది!

కోపమెందుకంటే, కరీంనగర్ నుంచీ, నిజామాబాద్ నుంచీ వచ్చి ఎండలో చెమటోడ్చి మేడలు లేపినవాళ్ళ మధ్య బతుకుతూ, "మనుషులు కట్టిందంటారా" అని మనమే అడగడం. కోల్ లెక్కప్రకారమే అయినా, 230 మీటర్ల భుజాల మధ్య తేడా జానెడు దాటలేదు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పపైరస్ చుట్టలు దొరికాయి. మేరర్ అనే అధికారి తన ముఠాతో తురా నుంచి గీజాకి పడవల మీద సున్నపురాయి చేరవేసిన రోజువారీ పద్దు అది. మా టైమ్‌షీట్లు దానిముందు దిగదుడుపే. గ్రహాంతరవాసుల హాజరుపట్టీ ఎవరైనా చూపిస్తే కైరో టిక్కెట్టు ఖర్చు నాది.