తోటయింటికి మరుగుదొడ్డి

మామిడికాపు దినములలో రెండు నెలలు తోటయింట నుండువారు మరుగుదొడ్డి నలక్ష్యము చేయరాదు. చీకటివేళ ఆడుబిడ్డలు పొదలచాటునకు బోవుట యెంత ప్రమాదము! మేము రెండుగుంతల పద్ధతి నెన్నుకొంటిమి. పోయుటకు రెండు లీటర్ల నీరు చాలును. బండిని రప్పించి తోడింప నక్కఱలేదు. ఒక గుంత నిండగనే రెండవదానికి మార్చి, మొదటిదానిని రెండేండ్లు మూసియుంచినచో, అందలి మలము వాసన లేని యెరువగును. గుంతలు బావికి 10 మీటర్లకంటె దగ్గఱగా నుండరాదు.

నిరుడు మేము తిరిగి పోవునప్పటికి, బేసిను క్రింది వంపుగొట్టములోని నీరు ఆవిరియై, యిల్లంతయు దుర్గంధము నిండియుండెను. దోషము మాదే, గుంతలోని వాసనకు ఆ నీరే మూత గదా! ఇప్పుడు తోట విడుచునాడు నిండుగ నీరు పోసి, బేసినుపై పలక మూయుచున్నాము. మరల వచ్చిననాడు, పొయ్యి వెలిగింపకమునుపే రెండు చెంబుల నీరచట పోయుచున్నాము. మీరును మఱువకుడు.