పాత కారు కొనే ముందు పగారు లెక్క చూసుకోండి



దీపావళి బోనస్ చేతికి రాగానే మన షోలాపూర్ పూర్వభాగ్ గల్లీల్లో ఒక మాట వినబడుతుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్ కారు ఒకటి చూసిన. రెండు లక్షలకే ఇస్తడంట." సాంచెల మీద పనిచేసేవాడికి కారెందుకని ఎగతాళి చేసేవాళ్లున్నారు. నేను ఆ మాట అనను. ముసలి తల్లిని దవాఖానకు తీసుకుపోవాలన్నా, పెళ్లికి ఇల్లంతా కలిసి కరీంనగర్ వైపు పోవాలన్నా కారుంటే సుఖమే. సేటు ఇంటి ముందు మూడు కార్లు నిలబడితే లేని తప్పు మన ఇంటి ముందు ఒకటి నిలబడితే ఎందుకవుతుంది? కాని ఆ రెండు లక్షలు ఎక్కడివి అనేదే నా ప్రశ్న. ప్రావిడెంట్ ఫండ్ తీసి, గ్రాట్యుటీ తీసి కారులో పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. అది ముసలితనంలో తినే కూడు.

అప్పు తీసుకుంటే వడ్డీ ఎట్లా కడుతున్నారో అడగండి. ఫైనాన్సు వాడు "నూటికి పన్నెండే" అంటాడు. ఆ పన్నెండు మొదటి అసలు మీదనే చివరిదాకా లెక్క కడితే, రెండు లక్షలకు నాలుగేళ్లలో వడ్డీ 96,000 రూపాయలు, నెల కిస్తు 6,167. తీరుతున్న అసలు మీద లెక్క కడితే కిస్తు సుమారు 5,267, వడ్డీ మొత్తం 53,000 లోపే. తేడా 43,000 పైన! మొదటి పద్ధతిలో అసలైన వడ్డీ ఏడాదికి దాదాపు 21 శాతం పడుతుంది. సంతకానికి ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, వాడి ముఖం చూసి సంగతి తెలుస్తుంది.

ఇక కాగితాలు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. డబ్బిచ్చి తాళం చేతిలో పడితే కారు మనదైందనుకుంటారు. ఆర్.సి. మీద ఎవరి పేరుంటే చట్టం ముందు వాడే యజమాని. అమ్మేసిన తర్వాత ప్రమాదం జరిగినా, పేరు మారకపోతే నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్న పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కనుక కొనేవాళ్లే కాదు, అమ్మేవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. 29, 30 నంబరు ఫారాలు సంతకాలతో ఆర్.టి.ఒ. ఆఫీసులో చేరాలి. బండి మీద పాత అప్పు ఉంటే 35 నంబరు ఫారం, బ్యాంకు నుంచి బాకీ లేదనే కాగితం అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లో చవకగా దొరికిందని తెచ్చేవాళ్లు అక్కడి ఆర్.టి.ఒ. నుంచి ఎన్.ఒ.సి. తేవాలి, ఇక్కడ మహారాష్ట్ర పన్ను కట్టాలి. ఆ ఖర్చు కలిపితే చవక ఎంతవరకు మిగులుతుందో చూసుకోండి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి, లేకపోతే మన బండికి దెబ్బ తగిలినప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది.

ఇంకొక మాట. కొందరు తెల్ల నంబరు ప్లేటు కారులో ఊరికి మనుషులను కిరాయికి తీసుకుపోతున్నారు. కిస్తు తీరుతుందని వాళ్ల ఆశ. దారిలో ఏదైనా జరిగితే బీమా డబ్బు రాకపోవచ్చు. ఎక్కినవాళ్లూ మన కార్మికులే, వాళ్ల పిల్లలే.

బండిని తెల్లవారగానే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. చప్పుడు విని సాంచెలో ఏ భాగం అరిగిందో చెప్పగలిగే మనకు ఇంజను చెవికి అందదా? నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నది, నల్ల పొగ వస్తే పెట్రోలు దండగవుతున్నది. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ పెడల్ రబ్బరు అరిగిపోయి ఉంటే మీటరును నమ్మొద్దు. సి.ఎన్.జి. బండి అయితే ఆర్.సి.లో ఆ సంగతి రాసి ఉండాలి, సిలిండరుకు మూడేళ్లకొకసారి జరగాల్సిన పరీక్ష తేదీ చూడాలి.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం అదుపు వదిలేసింది. పెట్రోలు జి.ఎస్.టి.లోకి కూడా రాలేదు. ముంబైలో లీటరు వంద దాటింది 2021 మే నెలలో. మన పగారు ఆ వేగంతో పెరిగిందా, మీరే చెప్పండి. ఇక్కడి నుంచి హైదరాబాదుకు రానుపోను సుమారు 600 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే బండికి 40 లీటర్లు, 20 ఇచ్చేదానికి 30 లీటర్లు. ఆ పది లీటర్లు వెయ్యి రూపాయల పైమాటే.

కొంత మన చేతిలోనే ఉంది. టైర్లలో గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించండి. క్లచ్ మీద కాలు పెట్టి నడపొద్దు. రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపండి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం అంతకు మించి పెరుగుతుంది, వందలో పోయేవాడు అరవైలో పోయేవాడికంటే ఎంతో ఎక్కువ పెట్రోలు తాగిస్తాడు. 2025 నాటికి పంపుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్‌లో శక్తి తక్కువ, పాత బండికి మైలేజీ కొంత తగ్గుతుంది. అమ్మేవాడు చెప్పే పాత మైలేజీ లెక్క నమ్మకుండా, ట్యాంకు నింపి నడిపి, మళ్లీ నింపి మీరే చూసుకోండి.

బయానా ఇచ్చే ముందు ఆర్.సి., ఇన్సూరెన్సు, ఫైనాన్సు కాగితాల నకళ్లు సెలవు రోజు ఉదయం యూనియన్ ఆఫీసుకు తెస్తే చదివి చెప్తాం. ఇచ్చిన తర్వాత తేవొద్దు.